కుర్చీ మీది గుట్ట చెప్పే సంగతి

పది అడుగుల పడగ్గదిలో ఒక మంచం, ఒక బీరువా, వాటి మధ్య ఎక్కడో ఒక కుర్చీ ఉంటాయి. కూర్చోడానికే కొన్నా ఆ కుర్చీలో ఎవరూ కూర్చోరు. నిన్న విడిచిన జీన్స్ ప్యాంటు, రేపటికని తీసిపెట్టిన కుర్తా, ఇస్త్రీ నుంచి వచ్చి ఇంకా లోపలికి చేరని రెండు చొక్కాలు, ఒక చున్నీ, ఒక తువ్వాలు దాని మీద కాపురం ఉంటాయి. కుర్చీ లేని ఇంట్లో ఆ బాధ్యత తలుపు వెనక మేకు తీసుకుంటుంది, లేదా మోజుపడి కొన్న వ్యాయామం సైకిలు తీసుకుంటుంది. చుట్టాలొస్తున్నారంటే ఆ గుట్టని అలాగే ఎత్తి బీరువాలో కుక్కి, మోకాలితో నొక్కి తలుపు వేస్తాం. వాళ్లు వెళ్లిన మూడు రోజులకి కుర్చీ మళ్లీ నిండుతుంది. దీనికి మనం పెట్టిన పేరు బద్ధకం. నాకు ఆ పేరు ఒప్పుదల కాదు. ఆ గదిలో బట్టల్ని సరైన లెక్కతో సర్దుతున్నది కుర్చీ ఒక్కటేనని, బీరువాని తప్పు లెక్కతో నింపాం కాబట్టే కుర్చీ అవసరం పడుతోందని ఈ అధ్యాయంలో వాదిస్తాను. ఆ లెక్క సరిచేసుకోవడానికి పెద్ద ఖర్చు లేదు. కొత్త బీరువా మాట అటుంచి, ప్లాస్టిక్ బుట్టలు కొనడం కూడా చాలావరకు తప్పుతుంది.

ఆ గుట్టని ఒకసారి దగ్గరగా చూడండి. అన్నిటికన్నా పైన ఉన్నది నిన్న విడిచింది. దాని కింద మొన్నటిది. పది రోజులుగా ఎవరూ ముట్టనిది అట్టడుగున, కుర్చీ వీపుకీ సీటుకీ మధ్య సందులో నలిగి ఉంటుంది. అలా ఎవరూ పనిగట్టుకుని పేర్చలేదు. కావలసింది లాగడం, విడిచింది పైన పడేయడం, జరిగింది ఇంతే. ఆ రెండు కదలికలతోనే తరచుగా వాడేవి పైకి తేలాయి, వాడనివి కిందికి దిగాయి. కంప్యూటర్ శాస్త్రంలో ఈ పద్ధతికి లెక్క కట్టినవాళ్లున్నారు. వరసగా పేర్చిన వస్తువుల్లోంచి ఒకటి తీసి వాడాక దాన్ని తిరిగి అన్నిటికన్నా ముందు పెడుతూ పోతే ఏమవుతుందో డేనియల్ స్లీటర్, రాబర్ట్ టార్జన్ 1985లో పరిశీలించారు. రేపు ఏది కావాలో ముందే తెలిసినవాడు ఎంత తెలివిగా సర్దుకున్నా సరే, ఏమీ తెలియకుండా ఈ ఒక్క నియమం పాటించేవాడి వెతుకులాట మొత్తం మీద అతని శ్రమకి సుమారు రెండింతలు దాటదని నిరూపించారు. జపాన్ ఆర్థికవేత్త యుకియో నొగుచి 1993లో వచ్చిన తన పుస్తకంలో ఆఫీసు కాగితాలకి ఇలాంటి సలహానే ఇచ్చాడు. కాగితాల్ని కవర్లలో పెట్టి అరలో నిలబెట్టాలి, ఏ కవరు తీసినా తిరిగి ఎడమ చివరే పెట్టాలి. కొన్నాళ్లకి కుడి చివరికి జరిగినవేవో అవే తీసేయదగ్గవి. కాగితాలూ లెక్కలూ వేరు, బట్టలు వేరు అనొచ్చు. నిజమే, కుర్చీ మీద పడేస్తే బట్ట నలుగుతుంది, పట్టుచీరని అలా పడేయమని ఎవరూ అనరు. కుర్చీకి వరస తెలుసు, మడత తెలీదు. బీరువాకి మడత తెలుసు, వరస తెలీదు. ఆ వరసని ఈ మడతలోకి తేవడమే మన పని.

బీరువాకి వరస ఎందుకు తెలీదన్నది దాని వంశం చూస్తే అర్థమవుతుంది. 1897లో తాళాలతో మొదలైన గోద్రెజ్ సంస్థ తర్వాత ఇనప్పెట్టెలు చేసింది, 1923లో స్టోర్‌వెల్ పేరుతో ఉక్కు బీరువాలు తెచ్చింది. ఏ కంపెనీదైనా సరే దాన్ని గోద్రెజ్ బీరువా అనేంతగా ఆ మాట మన నోళ్లలో పాతుకుపోయింది. తాళం, ఇనప్పెట్టె, బీరువా, ఈ వరస చూస్తే ఇది బట్టలకన్నా తాళంచెవికి దగ్గర చుట్టమని తెలుస్తుంది. దొంగల భయంతో తీర్చిదిద్దిన వస్తువులో మనం బనియన్లు పెట్టుకుంటున్నాం. వెటకారానికి అనడం లేదు, తలుపు తీసి చూడండి. లాకరు ఎక్కడుంది? చాలా బీరువాల్లో నడుముకీ గుండెకీ మధ్య ఎత్తులో. వంగకుండా, చెయ్యెత్తకుండా, చీకట్లో కూడా అందే మంచి చోటు అది. దాన్ని ఏడాదికి నాలుగుసార్లు తీసే గాజులకీ ఇంటి దస్తావేజులకీ రాసిచ్చేశాం. దాని పై అర పట్టుచీరలది, ఎందుకంటే అవి విలువైనవి. మిగిలిన జాగాలో దుప్పట్లు, పాత ఆల్బమ్, అమెరికా వెళ్లిన అబ్బాయి వదిలేసిన కాలేజీ రోజుల టీషర్టులు. రోజూ వేసుకునే బట్టలు మోకాళ్ల కింద అట్టడుగు అరలో ఉంటాయి. విలువని బట్టి చోటిచ్చాం, వాడకాన్ని బట్టి ఇవ్వలేదు. ప్రతి ఉదయం వంగి, ఏడు మడతలు ఎత్తి, ఎనిమిదోది లాగాలంటే మనిషి ఏం చేస్తాడు? కుర్చీ మీద ఉన్నదే వేసుకుంటాడు.

అంతకుముందు ఇళ్లలో ఈ పనులకి వేరే వేరే వస్తువులుండేవి. దాచడానికి భోషాణం, ట్రంకు పెట్టె. వాడడానికి దండెం, చిలక్కొయ్య. దండెం మీది బట్ట కంటికి కనబడుతుంది, గాలి తగులుతుంది, ఒక్క చేత్తో లాక్కోవచ్చు. ట్రంకు పెట్టె తీయాలంటే దాని మీది పెట్టె దించాలి, కాబట్టి రోజూ కావలసింది అందులో ఎవరూ పెట్టరు. పెట్టె మూత బరువే ఒక నియమం. దండెం మోటుగా ఉందని తీసేసి, భోషాణం చోటు తింటోందని అమ్మేసి, రెండింటి పనీ ఒక్క బీరువాకి అప్పగించాం. ఈ బదిలీలో ఒక రకం బట్ట దిక్కులేనిదైంది. ఒకసారి వేసుకుని విడిచినా ఇంకా ఉతుక్కి వేయనక్కర్లేని బట్ట. జీన్స్ ప్యాంటు, గంట సేపు పేరంటానికి కట్టిన చీర, బయటికి వెళ్లొచ్చిన చున్నీ. విడిచిన బట్టని ఉతికినవాటిలో కలపకూడదన్నది మన ఇళ్లలో పాత పట్టింపు. దానికి మడి అని పేరు పెట్టినా, శుభ్రం అని పేరు పెట్టినా మాట మంచిదే. చెమట, నూనె మరకలు ఉన్న బట్టే పురుగుకి ఇష్టం, మూసిన బీరువాలో ఆ వాసన మిగతావాటికీ పడుతుంది. కాబట్టి అది బీరువాలోకి పోకూడదు, ఉతుకు బుట్టలోకీ పోదు. ఒకప్పుడు దాని చిరునామా చిలక్కొయ్య. ఇప్పుడు కుర్చీ.

అసలు చోటే చాలదు, ఈ కబుర్లన్నీ దేనికి అని ఎవరైనా అడగొచ్చు. టేపు తీసి కొలుద్దాం. మామూలు ఇనప బీరువా ఆరున్నర అడుగుల ఎత్తు, మూడు అడుగుల వెడల్పు, 19 అంగుళాల లోతు ఉంటుంది. రేకులూ కాళ్లూ పోగా లోపల సుమారు 25 ఘనపుటడుగులు మిగులుతుంది. ఒక అర ఎత్తు 14 అంగుళాలనుకుంటే, అంగుళం మందం మడతతో ఒక దొంతరలో 12 చొక్కాలు పడతాయి. అరకి అలాంటి దొంతరలు మూడు. అంటే ఒక్క అరలో 36 చొక్కాలు. ఇద్దరు మనుషులు నిజంగా తిప్పి తిప్పి వేసుకునే బట్టలు, లోదుస్తులతో సహా, రెండు అరలు దాటడం కష్టం. చోటు చాలడం లేదనిపించేది అందులో చేతికి అందేది తక్కువ కావడం వల్ల. 12 చొక్కాల దొంతరలో పై నాలుగే మన బట్టలు. కింది ఎనిమిదీ పేరుకి మనవి, లాగితే దొంతరంతా కూలుతుంది కాబట్టి వాటిని లాగం. ఆ ఎనిమిదింటి కోసం ఇంకో బీరువా కొంటే అక్కడ ఇంకో ఎనిమిది చేరతాయి. పైగా ఆ రెండో బీరువా ధర దుకాణంలో కట్టినంతతో తీరదు. పదికి పది అడుగుల గది వంద చదరపు అడుగులు, ఐదుకి ఆరున్నర అడుగుల మంచం అందులో ముప్పై రెండున్నర తినేసింది. బీరువా నిలబడ్డానికి ఐదు, తలుపులు తెరుచుకుని మనిషి నిలబడ్డానికి ఆరు, మొత్తం 11 చదరపు అడుగులు కొత్తగా పోతాయి. చదరపు అడుగు ఆరు వేలకి కొన్న ఫ్లాటయితే అది 66 వేల రూపాయల నేల. ఎనిమిది వాడని చొక్కాలకి అంత అద్దె ఎవరిస్తారు?

పని మొదలుపెట్టే తీరులోనే చాలామంది దెబ్బతింటారు. ఆదివారం పొద్దున ఉత్సాహంగా బీరువా మొత్తం ఖాళీ చేసి మంచం మీద పోస్తారు. మధ్యాహ్నానికి పాత ఫొటోలూ పెళ్లిపత్రికలూ బయటపడి కబుర్లు మొదలవుతాయి, రాత్రికి పడుకోడానికి మంచం కావాలి, పోసినదంతా పోసినట్టే లోపలికి వెళుతుంది. నా సలహా, బీరువాని ఆ రోజు ముట్టుకోవద్దు. ముందు ఒక వారం పాటు కుర్చీ మీదివి, ఆరేసిన తీగ మీదివి, ఇస్త్రీ మూటలోవి గమనించండి. ఆ మూడు చోట్లా తిరుగుతున్న బట్టలే మీ అసలు బట్టలు. కాగితం మీద రాయనక్కర్లేదు, ఒక మూల విడిగా పేర్చితే చాలు. వారం తర్వాత బీరువాలో నడుముకీ కళ్లకీ మధ్య ఎత్తున్న అర ఒక్కటి ఖాళీ చేసి, అందులో ఇవి మాత్రం పెట్టండి. లాకరు కదలదు కాబట్టి దాని పక్కనో పైనో ఉన్న అర తీసుకోవాలి. అక్కడున్న పట్టుచీరలు పైకి, దుప్పట్లు అట్టడుక్కి. ఒక్క అర పని, గంటలో అయిపోతుంది. మిగతా అరల సంగతి తొందరేం లేదు. ఇక్కణ్ణించి నొగుచి నియమం. ఉతికి వచ్చిన ప్రతి బట్టా అరలో ఎడమ పక్కనే పెట్టాలి. హ్యాంగర్లయితే మొదట అన్నిటి కొక్కేలూ మన వైపు తిప్పి ఉంచి, వేసుకున్నది ఉతికి తిరిగి పెట్టేటప్పుడు మామూలుగా గోడవైపు తిప్పి తగిలించాలి. రెండు నెలలు పోయాక కుడి చివర మిగిలినవీ, కొక్కెం ఇంకా మనవైపే చూస్తున్నవీ లెక్కపెట్టండి. ఎన్ని బట్టలు వాడతామన్న దానికి ఇంతకన్నా నమ్మదగిన లెక్క బయటెక్కడా దొరకదు. ఇది మీ ఇంటి లెక్క. వేసవిలో పెట్టిన పరీక్ష స్వెటర్ల గురించి ఏమీ చెప్పదు, మూఢంలో పెట్టిన పరీక్ష పెళ్లి బట్టల గురించి చెప్పదు. అంచేత ఈ పరీక్ష రోజువారీ బట్టలకే.

ఇక ఖర్చు. ఒక ఐదు వందల నోటు పక్కన పెట్టుకోండి, అది కూడా పూర్తిగా అవదు. దొంతర కూలకుండా ఉండాలంటే బట్టల్ని పడుకోబెట్టకుండా పుస్తకాల్లా నిలబెట్టాలి. టీషర్టుని నిలువుగా మూడు మడతలు చేసి పొడవాటి పట్టీలాగా వచ్చాక, దాన్ని సగానికి, మళ్లీ మూడో వంతుకి మడిస్తే అది తనంతట తాను నిలబడుతుంది. నిలబడకపోతే మడత వదులుగా ఉన్నట్టు. వాటిని ఆనించి ఉంచడానికి పెట్టె కావాలి. చెప్పుల డబ్బా టీషర్టులకీ లోదుస్తులకీ సరిపోతుంది, కొరియర్‌లో వచ్చిన అట్టపెట్టెని ఆరంగుళాల ఎత్తుకి కోస్తే చొక్కాలకీ లెగ్గింగులకీ పనికొస్తుంది. అరలో సొరుగు పెట్టినట్టే అవుతుంది, పెట్టెని ముందుకి లాగి చూస్తే వెనక వరసవి కూడా కనబడతాయి. బజారులో గుడ్డ కుట్టిన అందమైన డబ్బాలు దొరుకుతాయి, చూడ్డానికి బావుంటాయి, పని మాత్రం ఇదే. అట్టపెట్టెకి బొద్దింక వస్తుందన్న భయం సబబే, కాబట్టి వంటగది సామాను వచ్చిన పెట్టె వద్దు, ఏడాదికోసారి పాతది పారేసి కొత్తది పెట్టండి. హ్యాంగర్లు కొనేముందు లోతు కొలవడం మరిచిపోవద్దు. చొక్కా హ్యాంగరు దగ్గరదగ్గర 17 అంగుళాలుంటుంది, అటూ ఇటూ చొక్కా భుజం కలిపితే ఇంకో రెండు. పాత ఇళ్లలో గోడలో కట్టిన అలమారా లోతు చాలా చోట్ల అంతకన్నా తక్కువ. అందులో అడ్డంగా కడ్డీ బిగిస్తే చొక్కాలు ఏటవాలుగా వేలాడి, చేతులు తలుపు సందులో పడి నలుగుతాయి. అలాంటి చోట మడతలే మేలు. చివరిగా చిలక్కొయ్య. అద్దె ఇంట్లో మేకు కొడితే ఓనరు ఊరుకోడు కదా అంటారు. తలుపు పైఅంచుకి తగిలించే కొక్కేల పట్టీ ఇంటి సామాను దుకాణాల్లో దొరుకుతుంది, గోడకి చిన్న గీత కూడా పడదు, ఇల్లు మారితే సంచీలో వేసుకుపోవచ్చు. విడిచిన బట్టకి అది శాశ్వత చిరునామా. కొక్కేలు ఆరే ఉండాలి. ఏడో బట్ట వచ్చిందంటే ఒకటి ఉతుక్కి పోవాలి. బట్టల కోసం కొత్తగా ఏదైనా కొనక తప్పదంటే మొదట కొనాల్సింది ఇదే, నా ఉద్దేశంలో చివర కొనాల్సింది కూడా ఇదే.

విలువైనవాటిని పైకీ పెట్టెలోకీ తోసేస్తే పాడవుతాయన్న అభ్యంతరం ఇక్కడ వస్తుంది, ముఖ్యంగా పట్టుచీరల విషయంలో. ఇది తేలిగ్గా తీసిపారేసే మాట కాదు. అయితే పట్టుచీర పాడయ్యేది మన కంటికి దూరంగా ఉండడం వల్ల కాదు. ఒకటి తేమ, రెండు మడత, మూడు పురుగు. అసలైన జరీ అంటే పట్టు దారం మీదో నూలు దారం మీదో చుట్టిన సన్నటి వెండి తీగ, పైన బంగారు పూత. ఏళ్ల తరబడి ఒకే మడత మీద ఉంటే ఆ తీగ ఆ గీత వెంబడే విరుగుతుంది. మూడు నాలుగు నెలలకోసారి తీసి మడత మార్చాలి. నడుము ఎత్తులో ఉన్నంత మాత్రాన ఆ పని జరుగుతోందా? కళ్లముందే ఉన్న చీర మడత మార్చి ఎన్నాళ్లయిందో గుర్తు చేసుకోండి. దుకాణం వాళ్లిచ్చిన ప్లాస్టిక్ కవరులో చీరని అలాగే ఉంచడం మహా తప్పు, తేమ లోపలే ఉండిపోతుంది. ఇంట్లో పాత నూలు పంచె ఉంటుంది, చీరకి సరిపడా చింపి చుట్టండి. గాలి ఆడుతుంది, దుమ్ము పడదు, ఖర్చు లేదు. గంజి పెట్టిన వెంకటగిరి, మంగళగిరి నూలు చీరల్ని నెలల తరబడి దాచేటట్టయితే గంజి పోయేలా ఉతికి దాచాలి, వెండిరంగు పురుగుకి గంజి విందుభోజనం. కోస్తాలో వానాకాలం గోడలు చెమ్మగిల్లుతాయి కాబట్టి బీరువాని గోడకి మూడంగుళాలు ఎడంగా జరపండి, స్నానాల గది గోడ వైపు అసలు పెట్టకండి. కలరా ఉండలు వేస్తే పల్చటి గుడ్డలో మూటగట్టి పై అర మూల పెట్టాలి, చీరకి తగలకూడదు. ఒక్క ఇంట్లో మాత్రం అవి అసలు వద్దు. పసిబిడ్డ ఉన్న ఇంట్లో. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న శిశువులకి ఆ ఉండల ఆవిరి పట్టిన బట్టలు తొడిగితే ఎర్ర రక్తకణాలు పగిలి కామెర్లు ముదురుతాయి, ప్రాణాల మీదికి వస్తుంది. ఆ లోపం ఉందో లేదో చూసి చెప్పలేం. పురిటికి వచ్చిన కూతురి కోసం బీరువాలోంచి పాత మెత్తటి చీరలు తీసి పొత్తిళ్లకి చింపుతారే, అక్కడే జాగ్రత్త. ఉతికి, ఎండలో ఆరేసి, వాసన పూర్తిగా పోయాకే వాడాలి.

అన్నిటికన్నా చిక్కు ప్రశ్న వాడేవాటిదీ కాదు, దాచేవాటిదీ కాదు. ఇచ్చేవాటిది. జపాన్ రచయిత్రి మేరీ కోండో పుస్తకం 2014లో ఇంగ్లిషులోకి వచ్చాక ప్రపంచమంతా బట్టలు చేతిలోకి తీసుకుని, ఇది నాకు ఆనందాన్నిస్తోందా అని తనని తాను ప్రశ్నించుకోవడం మొదలుపెట్టింది. నిలబెట్టే మడత ఆమె పుస్తకం వల్లే అన్ని దేశాలకీ తెలిసింది, అందుకు ఋణపడి ఉన్నాం. ఆ ప్రశ్న మాత్రం తెలుగింటి బీరువా దగ్గర పనిచేయదు. గృహప్రవేశానికి వచ్చిన చీర, సీమంతానికి పెట్టిన చీర, నోము నోచుకున్నావిడ తాంబూలంతో ఇచ్చిన రవికె గుడ్డ, వీటిలో ఏ ఒక్కటీ ఇంటావిడ ఎంచుకున్నది కాదు. వాటి రంగు ఆనందాన్నివ్వకపోవచ్చు. కానీ పారేస్తే ఇచ్చినవారిని పారేసినట్టు. వీటిని పెట్టుబడి బట్టలు అనడంలో మన భాష చాలా తెలివి చూపింది. ఒక ఇంటి నుంచి వచ్చింది ఇంకో ఇంటికి వెళ్లాలి, అక్కడి నుంచి మరో ఇంటికి. అది తిరిగే డబ్బు లాంటిది. తిరగకుండా బీరువాలో ఆగిపోయినప్పుడే బరువు. ఎందుకు ఆగిపోతుంది? అవసరం పడ్డ రోజు అది కనబడదు కాబట్టి. పొద్దున్నే పేరంటానికి వెళ్లాలి, ఉన్న రవికె గుడ్డలు ఏ దొంతర కింద ఉన్నాయో తెలీదు, దారిలో దుకాణంలో కొత్తవి కొంటారు, తిరిగొచ్చేటప్పుడు చేతిలో ఇంకో రెండుంటాయి. అలా ఏడాది తిరిగేసరికి అర నిండుతుంది. దీనికి మందు ఒక సూట్‌కేసు. ప్రతి ఇంట్లో అటక మీద ఖాళీగా ఒకటుంటుంది. మీటరు లోపు రవికె గుడ్డల్ని నిలువు మడతలతో ఒక వైపు, చీరలు ఒక వైపు పెట్టి మంచం కిందికి తోయండి. ప్రతి చీర మడతలో ఒక చిన్న చీటీ ఉండాలి, ఎవరిచ్చారో, ఏ సందర్భానికో రాసి. లేకపోతే మేనత్త పెట్టిన చీర మళ్లీ మేనత్తకే వెళ్లే ప్రమాదముంది. ఆ తర్వాత ఆ కథ పదేళ్లు చెప్పుకుంటారు. శ్రావణమాసానికి ముందు ఆ పెట్టె ఒకసారి తీసి చూస్తే వరలక్ష్మీ వ్రతానికి ఏమేం కొనక్కర్లేదో తేలుతుంది. బడ్జెట్ అన్న మాటకి బీరువా దగ్గర అర్థం ఏదైనా ఉంటే అది ఇక్కడే ఉంది.

ఇన్ని బట్టలు తీసేస్తే రేపు అవసరమైతే ఎలా అన్నది చివరి భయం. తీసేయమని నేను ఎక్కడా అనలేదు. రెండు నెలల్లో కుడి చివరికి జరిగినవాటిని ఒక సంచీలో కట్టి, పైన తేదీ రాసి అటక మీద పెట్టండి. ఆరు నెలల్లో ఎవరైనా దాని కోసం నిచ్చెన ఎక్కారంటే ఆ బట్ట గెలిచినట్టే, దానికి అరలో చోటివ్వాలి. ఎవరూ ఎక్కకపోతే ఆ సంచీని ఎవరికివ్వాలో మీకే తెలుస్తుంది, అప్పుడు విప్పి చూడకుండా ఇచ్చేయడం మంచిది. ఇద్దరు వాడే బీరువా గురించి ఒక్క మాట. అరల్ని సగం సగం పంచుకోవడం న్యాయంగా కనిపిస్తుంది గానీ, ఎత్తుని కూడా పంచుకోవాలి. ఐదడుగుల మనిషికి పై అరలు మూడూ ఇచ్చి ఆరడుగుల మనిషి నడుము ఎత్తు అరలు ఉంచుకుంటే అది పంపకం కాదు. వంగలేని పెద్దవాళ్లుంటే వాళ్లకి మధ్య అర, అందులో వాదన లేదు.

నాలుగైదు నెలలకి కుర్చీ మీద మళ్లీ ఒకటీ రెండూ చేరతాయి. తిట్టుకుంటూ ఎత్తేసే ముందు అవి ఏవో చూడండి. వానాకాలం పోయి చలి వచ్చింది, పల్చటి స్వెటరు కుర్చీ మీదికి వచ్చింది. దాని అసలు చోటు అటక మీది పెట్టెలో ఉంది, రాత్రి పది గంటలకి ఎవరెక్కుతారు? బడిలో స్పోర్ట్స్ డే అని పిల్లాడి తెల్లచొక్కా వారానికి రెండుసార్లు తీయాల్సి వస్తోంది, అది ఇంకా పై అరలో ఉంది. ఆ రెండింటికీ మధ్య అరలో చోటు చేసి, అక్కడున్న నూలు లాల్చీలు రెండు పైకి పంపిస్తే సరిపోతుంది. ఐదు నిమిషాల పని, కుర్చీ ఖాళీ.